సీసం కీల్ రాయికి తగిలి ముక్కు నలిగింది, లప్పం పెడితే సరిపోతుందా?

సాగర్‌నగర్_సెయిలర్
జనవరి 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నాను. నాకూ మా బావమరిదికీ కలిపి ఒక పాత జే 24 ఉంది. ఇరవై నాలుగు అడుగుల తెరచాప బోటు, అడుగున రెక్కలా కిందికి దిగే సీసపు దిమ్మ (కీల్) ఉంటుంది, మూడేళ్ళ కిందట ముంబైలో కొని ట్రైలర్ మీద విశాఖ తెచ్చుకున్నాం. పోయిన ఆదివారం హార్బర్ నుంచి బయల్దేరి లాసన్స్ బే దాటి తెన్నేటి పార్క్ దాకా వెళ్ళాం. ఒడ్డు దగ్గర గాలి బాగుందని కాస్త లోపలికి తిప్పాను. మధ్యాహ్నం మూడు, పాటు పూర్తిగా తీసి ఉంది. ధడేల్‌మని ఒక్క దెబ్బ, బోటు నిలబడిపోయింది, మేం ముగ్గురం ముందుకు పడ్డాం. బావమరిది మోకాలు క్యాబిన్ అంచుకి కొట్టుకుంది. స్పీడు నాలుగు నాట్లు ఉండొచ్చు. అల వచ్చి ఎత్తడంతో రాయి వదిలింది. లోపలికి నీళ్ళు రాలేదు, మెల్లగా వెనక్కి వచ్చేశాం.

ఈరోజు హైడ్రా (క్రేన్ బండి) పిలిపించి బోటు పైకి తీసి ఆటోనగర్‌లో బావమరిది షెడ్డుకి చేర్చాం. కీల్ ముందు అంచున, కింది నుంచి జానెడు ఎత్తులో దెబ్బ. 22 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, లోతున్న చోట 3 సెంటీమీటర్లు. నలిగిన సీసం రెండు పక్కలకీ పుట్టగొడుగు అంచులా పొంగి వచ్చింది. గీసుకున్న చోట మధ్యాహ్నం వెండిలా మెరుస్తుంటే సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగింది. దాని చుట్టూ పాత పూత పళ్ళెం అంత మేర రాలిపోయింది.

పక్క షెడ్డు టింకరింగ్ ఆయన కార్లకు పెట్టే లప్పం పట్టిస్తే రెండు గంటల పని అంటున్నాడు. ఇంకొకాయన సీసం కరిగించి పోయమంటున్నాడు. ఏది సరైన పద్ధతి? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు, నిజంగా టెన్షన్‌గా ఉంది.

యార్డ్_పాతకాపు
జనవరి 25, ఉదయం 6:15

ముందు ఆ గుంట సంగతి మర్చిపోండి. మీరు అడగాల్సింది గుంట గురించి కాదు, దెబ్బ ఎక్కడికి వెళ్ళింది అని.

నేను ఓడల తయారీ యార్డులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి, చిన్న బోట్ల పని ఇష్టం కొద్దీ చేశాను. ఒక చిన్న లెక్క చూడండి. మీ బోటు సుమారు 1,400 కిలోలు, మనుషులతో కలిపి 1,600 పైనే. నాలుగు నాట్లంటే సెకనుకి రెండు మీటర్లు. ఆ వేగంతో వెళ్తున్నది ఒక్కసారి ఆగిందంటే ఆ బోటు మొత్తాన్ని జానెడు ఎత్తు నుంచి రాయి మీద పడేసినట్టే. అందులో కొంత సీసం మింగింది. సీసంలో ఉన్న మేలు అదే, మెత్తగా నలిగి దెబ్బ తాను పుచ్చుకుంటుంది. పోత ఇనుము కీల్ అయితే అంత నలగదు, దెబ్బ దాదాపు మొత్తం బోటు అడుక్కే పోయేది. మీకూ మొత్తం సీసమే మింగలేదు, మిగిలింది ఎక్కడికో వెళ్ళింది కదా.

ఎక్కడికంటే, కీల్ కింది కొసకు ముందు నుంచి తన్నితే అది ఊయలలా తిరగబోతుంది. కీల్‌కీ హల్‌కీ (బోటు ఒంటికీ) మధ్య జాయింట్ ముందు వైపు తెరుచుకుంటుంది, వెనక కొస హల్‌లోకి పైకి పొడుచుకుంటుంది. అందుకని దెబ్బ ముందు తగిలినా పగులు వెనకాల వెతకాలి. రేపే ఇవి చూడండి:

హైడ్రాతో బోటుని నేల నుంచి ఒక అంగుళం లేపి, కీల్ గాలిలో వేలాడుతుండగా ముందు జాయింట్‌లోకి పాత బ్లేడు దూరుతుందేమో చూడండి. తర్వాత కిందికి దించి, బరువు కీల్ మీద పడ్డాక మళ్ళీ చూడండి. వేలాడినప్పుడు తెరుచుకుని దించితే మూసుకుంటే కీల్‌ని పట్టి ఉంచే బోల్టులు వదులు, లేదా వాటి పని అయిపోయింది.

లోపల ఫ్లోర్ బోర్డులు తీసి, కీల్ వెనక కొస పైన ఉన్న అడ్డ దూలాల దగ్గర టార్చ్ పక్క నుంచి కొట్టి చూడండి, జుట్టు మందం పగులు కూడా నీడ వేస్తుంది. ప్లాస్టిక్ సుత్తితో తట్టుకుంటూ రండి. గట్టి చోట ఖణీమంటుంది, లోపల పొర విడిన చోట డబ్‌మని బోలుగా పలుకుతుంది.

బోటుని లెవెల్ చేసి తూనిక గుండు వేలాడదీసి కీల్ నిటారుగా ఉందో లేదో చూడండి. తెరచాప కొయ్య అడుగూ, పక్క తీగలు బిగించిన ప్లేట్లూ కూడా ఒకసారి చూడండి.

హైడ్రాకి లేపినప్పుడు కింద మనిషి ఉండకూడదు. మనిషన్నవాడు ఎవ్వరూ.

ఫైబర్_మేస్త్రి
జనవరి 25, ఉదయం 8:02

పాతకాపు గారు చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. నేను వేటకెళ్ళే ఫైబర్ తెప్పలు కట్టేవాణ్ణి, వాటికి ఇలాంటి కీల్ ఉండదు గానీ ఇసక మేటల మీద ఎక్కి అడుగు చిట్లిన తెప్పలు ఏడాదికి పది వస్తాయి నా దగ్గరికి. పైకి గీత కనిపిస్తుంది, గ్రైండ్ చేస్తే లోపల మూడు పొరలు విడిపోయి ఉంటాయి.

కార్ల లప్పం నీళ్ళ కింద వద్దు బాబూ. అది పాలిస్టర్‌లో టాల్కు పొడి కలిపిన సరుకు, నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, సీసాన్ని గట్టిగా పట్టుకోదు కూడా. రెండు నెలల్లో పెచ్చులు లేస్తుంది. రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు, ఎపాక్సీయే వాడాలి. స్టేషనరీ షాపులో దొరికే చిన్న ట్యూబులు కాదు, ఫైబర్ పనికి వాడే ల్యామినేటింగ్ ఎపాక్సీ, కిలోల లెక్కన డబ్బాల్లో వచ్చేది.

జాలరిపేట_కుర్రాడు
జనవరి 25, ఉదయం 10:48

అన్నా, మా ఇంట్లో వలలకి కట్టే సీసం గుళ్ళు మేమే పోసుకుంటాం. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, మా తాత ఇనప గరిటెలో కరిగించి అచ్చులో పోసేవాడు, నిమిషంలో గట్టిపడిపోయేది. నీ గుంటకి పక్కన రేకు కట్టి సీసం పోసేస్తే బరువు బరువూ ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. ఎపాక్సీ అంతా ప్లాస్టిక్ కదా. కావాలంటే నేను వచ్చి పోస్తాను, డబ్బులు వద్దు.

కొండమీద_కెమిస్ట్రీ
జనవరి 25, మధ్యాహ్నం 12:30

తమ్ముడూ, నీ మంచి మనసుకి సంతోషం, కానీ దయచేసి పోయవద్దు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, సీసం విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి.

మొదటిది, అతకదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కీల్ అంటే నాలుగు వందల కిలోల చల్లటి ముద్ద, గరిటెడు పోసేసరికి ఆ వేడంతా లాగేసుకుంటుంది. పైగా గాలి తగిలిన సీసం మీద ఆక్సైడ్ పొర ఉంటుంది, ఆయన మధ్యాహ్నం మెరిసింది సాయంత్రానికి బూడిద రంగైంది అన్నారే, అదే. ఆ పొర మీద పోసిన సీసం పక్కన కూర్చుంటుంది తప్ప కలవదు. అచ్చులో గుళ్ళు పోయడానికీ దీనికీ తేడా అది. కలిసేలా చెయ్యాలంటే గ్యాస్ మంటతో రెండిటినీ కరిగించి అతికే నిపుణులు వేరే ఉంటారు.

రెండోది ఇంకా ముఖ్యం. సముద్రం నుంచి తీసిన కీల్ పగుళ్ళలో తడి ఉంటుంది. కరిగిన సీసం కింద చుక్క నీరు చిక్కినా అది ఆవిరై పదహారు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది, సీసం మొహం మీదకి చిమ్ముతుంది.

బరువు గురించి బెంగ అక్కర్లేదు. 22 × 6 × 3, గుంట ఏటవాలు కాబట్టి అందులో సగం, అంటే దాదాపు 200 ఘన సెంటీమీటర్లు. సీసం సాంద్రత 11.34. మొత్తం పోయిందనుకున్నా రెండుంపావు కిలోలు, 430 కిలోల కీల్‌లో అర శాతం. అదైనా ఎక్కడికీ పోలేదు, పక్కలకి పొంగింది అంతే.

ఇక తమ్ముడికి విడిగా ఒక మాట. ఇంట్లో సీసం కరిగించే చోట పిల్లలు తిరగకుండా చూడు. గరిటె మీద తేలే బూడిద లాంటి తెట్టు ఎండాక పొడై ఎగురుతుంది. అది ఒంట్లోకి వెళ్తే కాల్షియం అనుకుని ఎముక దాచుకుంటుంది, ఏళ్ళ తరబడి వదలదు. పిల్లల మెదడుకి ఎంత తక్కువ సీసమైనా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. వంట పొయ్యి మీద అసలు వద్దు, పాత బ్యాటరీల సీసం అసలే వద్దు.

జాలరిపేట_కుర్రాడు
జనవరి 25, మధ్యాహ్నం 1:05

అక్కా, పిల్లల సంగతి నాకు తెలీదు. మా అక్క కొడుకు అక్కడే ఆడుకుంటాడు. ఈరోజే మా నాన్నతో మాట్లాడతాను.

కొలాబా_తెలుగోడు
జనవరి 25, రాత్రి 11:20

మాది అనకాపల్లి, ఉద్యోగం ముంబైలో, పదేళ్ళుగా ఇక్కడ జే 24ల మీద పోటీలకు వెళ్తున్నాను. ఈ బోటు కొన్నవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. పాత బోట్లలో కీల్ బోల్టుల కింద, బోటు అడుగున ఉండే గొయ్యి అయిన సంప్‌ని వర్మిక్యులైట్ అనే తేలిక ఖనిజం కలిపిన రెజిన్‌తో నింపేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ అది నీళ్ళు పీల్చుకుని మెత్తబడుతుంది, అప్పుడు నట్టు ఎంత బిగించినా కింద గట్టి ఆధారం ఉండదు. మీ సంప్‌లో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, దిగిందంటే అదంతా తవ్వి తీసి గ్లాసూ (ఫైబర్ గ్లాసు గుడ్డ) ఎపాక్సీతో నింపాల్సిందే.

జాయింట్ ముందు భాగంలో పడే పగులుని మేం 'స్మైల్' అంటాం. చిన్న స్మైల్ చూసి లప్పం పూసుకుని పోటీకి వెళ్ళినవాళ్ళను చూశాను, ఆ సీజనంతా సంప్‌లో నీళ్ళు తోడుకుంటూనే గడిపారు.

2014 మేలో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే నలభై అడుగుల బోటు కీల్ ఊడి తిరగబడింది, నలుగురు పోయారు. అంతకుముందు అది నేలకి తగిలిన సందర్భాలూ, వాటికి చేసిన రిపేర్లూ అడుగుని బలహీనపరిచి ఉండొచ్చని దర్యాప్తు నివేదికలో రాశారు. భయపెట్టడానికి కాదు, పాతకాపు గారు ఎందుకు అంత గట్టిగా చెప్తున్నారో అర్థం కావాలని.

సాగర్‌నగర్_సెయిలర్
ఫిబ్రవరి 1, రాత్రి 8:55

వారం పట్టింది. చెప్పినవన్నీ చేశాం.

హైడ్రాతో లేపినప్పుడు ముందు జాయింట్‌లోకి బ్లేడు సగం దాకా దిగింది. దించగానే బిగుసుకుంది, బ్లేడు లాగితే రాలేదు. బావమరిది, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

లోపల కీల్ వెనక కొసకి పైనున్న అడ్డ దూలం మొదట్లో పగులు, వేలు పొడవు, తలవెంట్రుక మందం. టార్చ్ నేరుగా కొడితే కనపడలేదు, పక్క నుంచి కొట్టాక కనపడింది. దాని చుట్టూ అరచేయంత మేర డబ్‌డబ్ శబ్దం. స్క్రూడ్రైవర్ సంప్‌లో అంగుళం దిగింది, లాగితే తడి ముద్ద వచ్చింది, మురిగిన వాసన. అన్నిటికంటే వెనకున్న నట్టు పానాతో పట్టుకోగానే అర చుట్టు తేలిగ్గా తిరిగింది, కింద నుంచి తుప్పు నీళ్ళు ఊరాయి.

గుంటకి లప్పం పెట్టేసి నీళ్ళలో దించి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఒళ్ళు చల్లబడుతోంది. మా అమ్మాయిని వచ్చే నెల తీసుకెళ్దామనుకున్నాం.

యార్డ్_పాతకాపు
ఫిబ్రవరి 2, ఉదయం 5:50

ఇక సందేహం లేదు, కీల్ దించాల్సిందే. స్టెయిన్‌లెస్ స్టీలుకి గాలి ఆడితేనే బలం, దాని పైనున్న రక్షణ పొర ఆక్సిజన్ ఉంటేనే నిలుస్తుంది. గాలి ఆడని సందులో ఉప్పునీరు నిలిస్తే పైన నట్టు దగ్గర తళతళలాడుతూనే లోపల జాయింట్ గీత దగ్గర మెడలా తినేస్తుంది. బోల్టు సీసంలో పోతపోసి ఉంటుంది కాబట్టి దించితే తప్ప ఆ మెడ కనపడదు.

దించే పద్ధతి. బోటుని నిలబెట్టడానికి విడిగా ఊయల లాంటి చట్రం కట్టండి, సరుగుడు గుంజలు మన దగ్గర కావలసినన్ని దొరుకుతాయి, నాలుగు జతలు పాతి అడ్డంగా బిగించి, హల్ తాకే చోట పాత టైర్ల ముక్కలు వేయండి. హల్ బరువు మొత్తం ఊయల మీదకి రావాలి. కీల్ కింద మందపాటి చెక్క దిమ్మలు. నట్లన్నీ తీసెయ్యకుండా చివరి దారాల దాకా వదులు చేసి ఉంచండి, ఊడినా ఒక్కసారి పడకూడదు. జాయింట్‌లో పాత సీలెంట్‌ని సన్నటి స్టీలు తీగ, రెండు పక్కలా చెక్క పిడి కట్టి రంపంలా లాగుతూ కొయ్యండి. ఆ సందులోకి చెక్క చీలలు రెండు వైపులా సమంగా కొట్టుకుంటూ రండి. తొందరపడితే పని చెడుతుంది, ఇది ఒక పూట పడుతుంది.

రుషికొండ_కొత్తవాడు
ఫిబ్రవరి 2, ఉదయం 9:14

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. అంత శ్రమ ఎందుకు, ఆటుపోట్లు ఉన్న చోట బోటుని ఒడ్డున పడుకోబెట్టి పాటు తీసినప్పుడు రిపేరు చేసుకుంటారని వీడియోల్లో చూశాను, ఇక్కడ కుదరదా?

యార్డ్_పాతకాపు
ఫిబ్రవరి 2, ఉదయం 9:40

మంచి ప్రశ్నే. ఆ వీడియోలు ఐదారు మీటర్లు నీరు తీసే తీరాలవి. విశాఖలో అమావాస్య, పున్నాలకి కూడా పోటుకీ పాటుకీ తేడా ఒకటిన్నర మీటరు లోపే. ఈయన బోటు 1.22 మీటర్లు నీళ్ళలో దిగి ఉంటుంది. పైగా మన తీరంలో అల ఆగదు. పూత రంగు వెయ్యడానికే కష్టం, కీల్ మాట అటుంచండి.

సాగర్‌నగర్_సెయిలర్
ఫిబ్రవరి 15, రాత్రి 10:10

కీల్ దిగింది. తీగతో కోయడానికే నాలుగు గంటలు పట్టింది, చేతులు బొబ్బలెక్కాయి. చివర్లో 'ప్చ్' అని చిన్న చప్పుడు, అంతే, దిమ్మల మీద కూర్చుంది.

బోల్టులు ఒకదాన్ని మించి ఒకటి శుభ్రంగా ఉన్నాయి, వెనక చివరిది తప్ప. దాని మెడ దగ్గర చీమలు తిన్న బెల్లం ముక్కలా గుంటలు, వ్యాసంలో పావు వంతు పోయింది. గోరు పెడితే గోరు దిగుతోంది. దాన్ని లాగితే రాదు, లోపల వంపు తిరిగి సీసంలో పాతుకుని ఉందట. ఏం చెయ్యాలి?

కొలాబా_తెలుగోడు
ఫిబ్రవరి 16, ఉదయం 7:30

దాన్ని లాగొద్దు, దాని పక్కనే కొత్తది వేసుకోండి. కీల్ పక్క నుంచి సీసంలో చిన్న కిటికీ తవ్వాలి, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. పై నుంచి ఆ కిటికీలోకి దిగేలా రంధ్రం వేసి, కొత్త స్టడ్ (తల లేని మర బోల్టు) దించి, కిటికీలో మందపాటి వాషరూ నట్టూ పెట్టి బిగించి, తర్వాత కిటికీని ఎపాక్సీతో మూసెయ్యాలి. ఇక్కడ రెండు బోట్లకి ఇలాగే చేశాం. పాత బోల్టుని పైన కోసేసి మూసెయ్యండి.

సీసంలో డ్రిల్ వేసేటప్పుడు జాగ్రత్త, మెత్తటి లోహం కాబట్టి బిట్టుకి చుట్టుకుని పట్టేస్తుంది, మణికట్టు తిప్పేస్తుంది. తక్కువ స్పీడు, సబ్బు నీళ్ళు పోస్తూ, ప్రతి అర అంగుళానికీ బయటికి లాగి చెక్కు తీసెయ్యాలి.

స్టడ్ ఆటోనగర్‌లో లేతు మీద తిప్పించుకోవచ్చు, కానీ రాడ్ స్టెయిన్‌లెస్ స్టీలులో 316 గ్రేడే కావాలి.

ఫైబర్_మేస్త్రి
ఫిబ్రవరి 16, ఉదయం 8:15

రాడ్ కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకోలేదు కాబట్టి 316 అంటారు. నమ్మొద్దు. దానికంటే తక్కువ రకం స్టెయిన్‌లెస్ 304 కూడా అంటుకోదు.

కొండమీద_కెమిస్ట్రీ
ఫిబ్రవరి 16, ఉదయం 8:50

మేస్త్రి గారు సరిగ్గా చెప్పారు. రెండిటికీ తేడా మాలిబ్డినం, 316లో రెండు శాతం పైన ఉంటుంది, అదే ఉప్పునీటికి తట్టుకునేలా చేస్తుంది. మాలిబ్డినం ఉందో లేదో చెప్పే చుక్కల టెస్టు కిట్ దొరుకుతుంది, లేదా మిల్లు సర్టిఫికెట్ అడగండి.

ఇప్పుడు మీరు సీసం కొయ్యడం, తోమడం మొదలుపెడతారు కాబట్టి నా పాత పాట మళ్ళీ. బట్ట మాస్కు, సర్జికల్ మాస్కు పనికిరావు, పి 100 ఫిల్టర్లున్న హాఫ్ మాస్క్ కావాలి. నేల మీద టార్పాలిన్. గ్రైండర్, పొడి ఎమరీ పేపరు సీసం మీద ముట్టకూడదు. చిత్రిక, ఉలి, ఆకురాయితో చేస్తే పొడి కాకుండా చెక్కుగా వస్తుంది, ఎగరదు. తప్పనిసరై రుద్దితే తడిపి రుద్దండి. పని మధ్య టీ, బీడీ, కిళ్ళీ ఏవీ వద్దు, చేతులు సబ్బుతో కడిగాకే. ఆ బట్టలు ఇంటికి తీసుకెళ్ళి మిగతావాటితో ఉతకొద్దు. షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళకి కూడా మాస్కు మీరే కొనివ్వండి, వాళ్ళు అడగరు.

సాగర్‌నగర్_సెయిలర్
మార్చి 1, రాత్రి 9:30

నలుగురికి మాస్కులు కొన్నాను. కొత్త స్టడ్ పడింది. గుంట పని మొదలుపెట్టి ఒకసారి చెడగొట్టుకున్నాను, అది కూడా రాస్తున్నాను, ఇంకొకరికి పనికొస్తుంది.

ముందు పొంగిన సీసాన్ని చెక్క సుత్తితో వెనక్కి కొట్టాను. ఇది నేను అనుకున్నదానికంటే హాయిగా సాగింది. అంచు నుంచి లోపలికి, చిన్న చిన్న దెబ్బలు, చపాతీ పిండి అంచు లోపలికి మడిచినట్టు సీసం మెల్లగా జరుగుతుంది. రెండు గంటల్లో మూడు సెంటీమీటర్ల గుంట ఒకటిన్నరకి వచ్చింది. మిగిలిన పొంగుని మా తాత చిత్రికతో పట్టాను, చెక్కులు బరువుగా, చుట్టలు చుట్టుకుని టార్పాలిన్ మీద టపటపా పడ్డాయి.

తర్వాత వైరు బ్రష్‌తో మెరిసేదాకా తోమి, చీకటి పడిందని ఆపి, మర్నాడు ఉదయం ఎపాక్సీ పెట్టాను. మూడు రోజుల తర్వాత ఉలి పెట్టి చూస్తే అట్టులా మొత్తం ఊడి వచ్చింది. వెనక వైపు సన్నటి బూడిద పొర.

కొండమీద_కెమిస్ట్రీ
మార్చి 1, రాత్రి 9:52

ఆక్సైడే. ఒక రాత్రి కాదు, మన గాలిలో గంట కూడా ఎక్కువే.

ఫైబర్_మేస్త్రి
మార్చి 2, ఉదయం 7:45

దీనికి ఒకటే మార్గం. ముందు ఎపాక్సీ రెజిన్ పల్చగా సీసం మీద పూసెయ్యి, పొడి ఏదీ కలపకుండా. అది తడిగా ఉండగానే దాని లోంచే వైరు బ్రష్‌తో గట్టిగా తోము. పైన బూడిద రంగు తేలుతుంది, గుడ్డతో తుడిచెయ్యి, మళ్ళీ పూసి మళ్ళీ తోము. అలా తోమిన సీసానికి గాలి తగలదు, కిందే రెజిన్ పట్టుకుంటుంది. అది జిగురుగా ఉండగానే సిలికా పొడి, గ్లాసు పొట్టు కలిపిన ముద్ద పెట్టు. దెబ్బ తగిలే ముందు అంచుకి తేలిక పొడి వాడొద్దు, అది పైన నునుపు చెయ్యడానికే.

ఇంకో మాట, మార్చి ఎండలో అరకిలో కలిపితే డబ్బాలోనే ఉడికిపోయి పొగలొస్తుంది. వంద గ్రాములు మించి కలపొద్దు, కలిపింది వెడల్పాటి ట్రేలో పరుచుకో. మెల్లగా గట్టిపడేలా చేసే స్లో హార్డెనర్ అడుగు. తెల్లవారుజామున కూడా వద్దు, సముద్రపు మంచు పట్టి ఉంటుంది. ఎనిమిదిన్నర నుంచి పదకొండు మధ్య మంచి వేళ. గట్టిపడ్డాక పైన మైనంలా జిడ్డు కనిపిస్తే మంచినీళ్ళతో పీచు పెట్టి కడిగాకే తర్వాతి పూత. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డు లోపలికే తోసినట్టు.

సాగర్‌నగర్_సెయిలర్
మార్చి 22, రాత్రి 9:15

మేస్త్రి గారూ, మీ మాట అక్షరాలా పనిచేసింది. ఈసారి నాలుగు రోజులాగి ఉలి పెట్టి సుత్తితో కొట్టాను, ఎపాక్సీ చిట్లింది గానీ సీసాన్ని వదల్లేదు. ఆ చిన్న చోట మళ్ళీ పూడ్చాను.

లోపలి పని ఫైబర్ మేస్త్రి గారే స్వయంగా రెండు ఆదివారాలు వచ్చి చేశారు. ఇక్కడ అందరి ముందూ చెప్పాలి, కూలి ఎంతన్నా తీసుకోలేదు, దారి ఖర్చు మాత్రం పుచ్చుకున్నారు. పగులు ఉన్న దూలం చుట్టూ విడిపోయిన పొరలన్నీ గ్రైండ్ చేసి తీసేశారు, అరచేయంత అనుకున్నది పళ్ళెం అంత తేలింది. మందానికి పన్నెండు రెట్లు ఏటవాలుగా అంచు తీసి, చిన్న ముక్క మీద పెద్ద ముక్కగా గ్లాసు గుడ్డ పొరలు వేశారు. సంప్‌లో తడి ముద్ద రెండు బకెట్లు వచ్చింది. అది తీశాక వారం రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టి, అప్పుడు గ్లాసూ ఎపాక్సీతో పొరలు పొరలుగా నింపాం, ఒకేసారి పోస్తే వేడెక్కుతుందని రోజుకో పొర.

నిన్న కీల్ ఎక్కించాం. జాయింట్ రెండు వైపులా చిక్కటి ఎపాక్సీ పట్టించి, తూనిక గుండుతో నిటారు చూసుకుంటూ నట్లు చేతి బిగువుతోనే బిగించాం, చుట్టూ సమంగా ముద్ద పైకి పొంగింది. వారం ఆగి, బిగువు కొలిచే పానా అయిన టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించమని కొలాబా అన్న ఫోన్‌లో చెప్పాడు.

కొలాబా_తెలుగోడు
మార్చి 23, ఉదయం 7:10

బిగించేటప్పుడు ముందొకటి, వెనకొకటి, మధ్యలో ఒకటి, అలా మార్చి మార్చి మూడు విడతల్లో పూర్తి బిగువుకి తీసుకురండి. అయ్యాక ప్రతి నట్టు మీది నుంచి వాషర్ మీదుగా సంప్ దాకా తెల్ల పెయింట్‌తో సన్నటి గీత గియ్యండి. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది, ప్రతిసారీ పానా అక్కర్లేదు.

యార్డ్_పాతకాపు
మార్చి 23, ఉదయం 7:35

బయట జాయింట్ మీద రెండు పొరల గ్లాసు గుడ్డ వేసి, ఆ పైన ఎపాక్సీ బ్యారియర్ పూత నాలుగు చేతులు, ఆ పైన గుల్లలు పట్టకుండా యాంటీఫౌలింగ్. మన నీళ్ళు ఏడాది పొడుగునా వెచ్చగానే ఉంటాయి, ఆ ఆఖరి పూత ఎగ్గొడితే మూడు నెలల్లో కీల్ నిండా గుల్లలే, గీకేటప్పుడు కింద పూతంతా పోతుంది.

జాలరిపేట_కుర్రాడు
మార్చి 23, రాత్రి 8:40

అన్నా, గీసిన సీసం చెక్కులు ఏం చేశావు? నాకిస్తావా అని అడగడం లేదు. మేం సీసం పని ఇంట్లోంచి తీసేసి రేవు చివర రేకుల పాకలోకి మార్చాం, మా నాన్న ఒప్పుకున్నాడు. పిల్లాడికి రక్త పరీక్ష చేయించాం, కాస్త ఎక్కువగానే ఉంది, డాక్టర్ మూడు నెలల తర్వాత మళ్ళీ చెయ్యమన్నారు. కెమిస్ట్రీ అక్కకి చెప్దామని.

కొండమీద_కెమిస్ట్రీ
మార్చి 23, రాత్రి 9:05

తమ్ముడూ, చాలా మంచి పని చేశావు. సీసం తగలడం ఆగితే రక్తంలో మెల్లగా తగ్గుతుంది. పాలు, ఆకుకూరలు, ఐరన్ ఉన్న తిండి బాగా పెట్టమను. పాత పొయ్యి ఉన్న నేల చీపురుతో ఊడవొద్దు, తడి గుడ్డతో తుడవాలి. మళ్ళీ పరీక్ష అయ్యాక నాకు తప్పకుండా చెప్పు.

సాగర్‌నగర్_సెయిలర్
మార్చి 23, రాత్రి 9:30

చెక్కులు మూత ఉన్న డబ్బాలో పెట్టి సీసం రీసైక్లింగ్ లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఇచ్చాను తమ్ముడూ. తుడిచిన గుడ్డలు, పొడి విడిగా కట్టి వాళ్ళకే ఇచ్చాను.

సాగర్‌నగర్_సెయిలర్
ఏప్రిల్ 19, రాత్రి 8:20

నిన్న నీళ్ళలో దించాం. హైడ్రా పట్టీలు వదిలే ముందు గంటసేపు అలాగే వేలాడదీసి నేను లోపల సంప్ దగ్గర టార్చ్ పట్టుకుని కూర్చున్నాను. పొడి టిష్యూ కాగితాలు ప్రతి నట్టు కిందా పెట్టాను. ఒక్కటీ తడవలేదు. అప్పుడు వదలమన్నాను.

ఈరోజు రెండు గంటలు తెరచాప వేశాం. గాలి పక్క నుంచి పట్టి బోటు ఒరిగినప్పుడు ఇదివరకు అడుగు నుంచి సన్నగా 'కిర్' అని వచ్చేది, ఏడాదిగా వింటున్నాను, పాత బోటు కదా అనుకున్నాను. ఇవాళ ఆ శబ్దం లేదు. అంటే రాయికి తగలకముందే అది వదులుగా ఉందన్నమాట.

యార్డ్_పాతకాపు
ఏప్రిల్ 20, ఉదయం 5:45

ఆ శబ్దం గురించి మీరు ముందే రాసి ఉంటే హైడ్రా టెస్టు కూడా అక్కర్లేకుండా దించమనేవాణ్ణి. చదివేవాళ్ళలో ఎవరి బోటైనా అలా పలుకుతుంటే ఈరోజే ఫ్లోర్ బోర్డులు ఎత్తి చూడండి.

సాగర్‌నగర్_సెయిలర్
మే 24, రాత్రి 9:00

ఆరుసార్లు వెళ్ళొచ్చాం, ఒకసారి గట్టి దక్షిణపు గాలిలో కూడా. ప్రతిసారీ తిరిగొచ్చాక ఫ్లోర్ బోర్డు ఎత్తి చూస్తున్నాను. తెల్ల గీతలు ఒక్కటీ విరగలేదు, సంప్‌లో చుక్క నీరు లేదు. పోయిన వారం మా అమ్మాయిని తీసుకెళ్ళాం. డాల్ఫిన్ నోస్ కొండని నీళ్ళ మీద నుంచి చూడటం తనకి అదే మొదటిసారి.